నీళ్ళున్న కంప్యూటర్‌ని బస్సు డిక్కీలో వేస్తారా?

"ఏం కాదులే అమ్మా, గట్టిగానే బిగించా" అంటారు మన పుత్రరత్నాలు. నమ్మకండి. గుడివాడ నుంచి బందరుకి ఆవకాయ జాడీ తీసుకెళ్ళాలంటేనే వాసెన కట్టి ఒళ్ళో పెట్టుకుంటాం కదా! మరి కడుపులో నీళ్ళున్న కంప్యూటర్‌ని హైదరాబాదులో బస్సు డిక్కీలో ఎలా పడేస్తారండీ?

ట్యూబులు, ట్యాంకు విడిగా కొని బిగించుకున్న రకమైతే బయల్దేరే ముందే నీళ్ళు ఖాళీ చేయాల్సిందే. కుదుపులకి జాయింటు వదులైందా, ఆ తడి నేరుగా మదర్‌బోర్డు మీదకే. కంపెనీవాళ్ళు సీలు చేసిన రకాన్ని మాత్రం విప్పకూడదు. గ్రాఫిక్స్ కార్డు బరువు. ట్యూబులకి తగిలించి లేకపోతే తీసి వేరే సర్దాలి. పెట్టెని కారు వెనక సీట్లో, మదర్‌బోర్డు అడుక్కి వచ్చేలా పడుకోబెట్టాలి.

ఇల్లు చేరగానే స్విచ్ వేయనివ్వకండి. ఖాళీ చేసినదైతే మళ్ళీ నింపి, జాయింట్ల కింద టిష్యూ పేపరు పరిచి, ముందు పంపు ఒక్కదాన్నే కొన్ని గంటలు తిప్పాలి. మిగతా వాటికి అప్పటిదాకా కరెంటు వద్దు.

అసలు దివిసీమ ఉక్కకి నీళ్ళే కావాలట! గదిలో ఉన్న వేడికన్నా కిందికి ఆ నీళ్ళూ దించలేవు. మంచి ఫ్యాను చాలదట్రా అంటే "నీకేం తెలుసమ్మా" అంటాడు. బోర్డు తడిస్తే డబ్బులడిగేది మాత్రం నన్నే.