వైఫల్యం ఎక్కడ బయటపడాలి?

కొత్త వైద్య పరికరం విపణిలోకి వచ్చిందన్న వార్తలో దాని ధర ఎంత, ఎంత త్వరగా తయారైంది అన్న వివరాలే ప్రముఖంగా కనిపిస్తాయి. అది ఎన్నిసార్లు విఫలమైంది, ఎక్కడ విఫలమైంది అని ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదట అడగవలసిన ప్రశ్న అదే.

చిన్నతనంలో వచ్చే ఒక రకం గొంతువాపుకు సకాలంలో చికిత్స అందకపోతే కొందరిలో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోతాయి. ఇది ప్రధానంగా పేదలను బాధించే వ్యాధి. ఒకప్పుడు కృత్రిమ కవాటం విదేశాల నుంచే రావాలి. ఆ ధర భరించలేక మంచం పట్టిన యువతీయువకులను మా తరం వైద్యులు ప్రభుత్వాసుపత్రుల్లో ఎందరినో చూశాము.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన శస్త్రవైద్యులు, ఇంజనీర్లు కలిసి స్వదేశీ కవాటం రూపకల్పనకు పూనుకున్నారు. మొదటి నమూనాలో అతుకు వద్ద లోహం విరిగింది. రెండవదానిలో కృత్రిమ నీలమణి బిళ్ల లోహాన్ని అరగదీసింది. మూడవదానిని గొర్రెకు అమర్చిన కొన్నాళ్లకు ఆ బిళ్లే పగిలిపోయింది. నాలుగవసారి ప్రత్యేకమైన గట్టి పాలిథిలీన్ బిళ్లను వాడారు. పరీక్షలన్నీ దాటాక, 1990 డిసెంబరులో దానిని తొలిసారి మనిషికి అమర్చారు. అప్పటికి దశాబ్దానికి పైగా గడిచింది. దిగుమతి కవాటాల కంటే ఎంతో తక్కువ ధరకు అది రోగులకు అందింది.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే, కవాటం ఏడాదికి 3.6 కోట్లకు పైగా సార్లు తెరుచుకొని మూసుకోవాలి. ఒక్కసారి మొరాయించినా ప్రాణాపాయమే. ఆ మూడు వైఫల్యాలూ ప్రయోగశాలలోనూ, పశువుల్లోనూ బయటపడ్డాయి. రోగి గుండెలో బయటపడి ఉంటే?

'ఆ జాప్యంలో ఎందరు మరణించారో!' అని ఎవరైనా అడిగితే కాదనలేను. ఆ బాధ నాకూ తెలుసు. అయితే త్వరపడవలసినది పరీక్షల్లో కాదు. నిధుల మంజూరులో, అనుమతి దస్త్రాల కదలికలో, పరీక్షాకేంద్రాల ఏర్పాటులో త్వరపడాలి. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్ వంటి చోట్ల తయారీదారులందరికీ ఉమ్మడి పరీక్షాశాలలు ఉండడం అందుకే మేలు.

2017 నాటి వైద్య పరికరాల నియమాలు ప్రమాదస్థాయిని బట్టి పరికరాలను నాలుగు తరగతులుగా విభజించాయి. కృత్రిమ కవాటం వంటివి అన్నిటికంటే కఠినమైన 'డి' తరగతిలోకి వస్తాయి. అయితే విక్రయంతో బాధ్యత ముగియదు. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మన దేశంలో 2015లోనే మొదలైంది. మీ ఇంట్లోని గ్లూకోమీటరో, రక్తపోటు యంత్రమో తప్పుగా చూపుతోందని అనుమానం కలిగితే దానిని పారవేయకండి. బ్యాచ్ సంఖ్యతో సహా మీ వైద్యునికి చూపండి. ఆ సమాచారాన్ని నమోదు చేయడం వైద్యులుగా మా ధర్మం.

తప్పును దాచిన పరికరం కంటే, తప్పును ముందే వెదికి సరిదిద్దుకున్న పరికరమే రోగికి నమ్మదగినది.