యాకోబు మంద, మన మేనరికాలు

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక తల్లి మూడేళ్ల పాపను చంకనెత్తుకుని మందిరంలోనే నిలబడిపోయింది. పాపకు పుట్టుకతోనే వినపడదు. అందువల్ల మాటలూ రాలేదు. "అయ్యగారూ, మేమేం పాపం చేసినమని బిడ్డకు మాట రాలే? ఉపవాస కూటంల ఒకాయన, మీ పెద్దోళ్ల పాపం ఇంకా మీ ఇంట్లనే ఉన్నదన్నడు" అంటూ కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె భర్త పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేస్తాడు. ఆమెకు స్వయానా మేనమామ కొడుకు. ఆ పెళ్లి చేయించింది నేనే. ఆనాటి ప్రసంగంలో యాకోబు, రాహేలుల ప్రేమను ఉదాహరణగా చెప్పాను కూడా. రాహేలు యాకోబుకు మేనమామ కూతురే కదా! మేనరికానికి బైబిలులోనే ఆధారం దొరికిందని ఇరువైపుల పెద్దలూ ఆ రోజు ఎంతో సంతోషించారు. ఈ తల్లి ప్రశ్న నన్ను మళ్లీ ఆ కథ దగ్గరికే తీసుకెళ్లింది.

మేనమామ లాబాను దగ్గర కొలువు చేసిన యాకోబు, మందలో పొడలూ మచ్చలూ ఉన్న జీవాలను తనకు జీతంగా ఇమ్మన్నాడు. లాబాను సరేనన్నాడు గానీ, ఆ రోజే అలాంటివన్నీ ఏరి తన కొడుకుల చేతికిచ్చి మూడు రోజుల ప్రయాణమంత దూరం పంపించేశాడు. యాకోబుకు మచ్చలేని జీవాలే మిగిలాయి. అయినా వాటికే మచ్చల పిల్లలు పుట్టాయి (ఆదికాండము 30). యాకోబు చెట్ల చువ్వల తొక్కను చారలుగా ఒలిచి నీళ్ల తొట్లలో పెట్టాడు. చూలు కట్టే వేళ తల్లి కంటికి ఏది కనబడితే పిల్లకు అదే వస్తుందని ఆనాటి నమ్మకం. మనం నవ్వనక్కర్లేదు, 'గ్రహణం మొర్రి' అన్న మాట మనదే! అయితే తర్వాతి అధ్యాయం చూడండి. కలలో దేవదూత యాకోబుకు చూపించింది చువ్వలను కాదు, మందలోని మచ్చల పొట్టేళ్లను, మేకపోతులను. సంగతి కంటికి కనబడిన దానిలో లేదు, పుట్టుకలో ఉంది. పైకి ఒకే రంగుగా ఉన్న జీవిలో కూడా మచ్చ దాగి ఉండవచ్చునని ఈనాటి జన్యుశాస్త్రం చెబుతుంది.

ఆ దాగుడుమూతలను మొదట లెక్కకట్టినవాడు ఒక క్రైస్తవ సన్యాసి కావడం విశేషం. నేటి చెక్ దేశంలోని బ్ర్నో నగరపు మఠంలో గ్రెగర్ మెండెల్ 1856 నుంచి సుమారు ఎనిమిదేళ్లు బఠాణీ మొక్కలు పెంచాడు. ఊదా పూల మొక్కనూ తెల్ల పూల మొక్కనూ సంకరం చేస్తే తొలి తరంలో తెలుపు మాయమైంది. మలి తరంలో దాదాపు నాలుగింట ఒక మొక్కకు మళ్లీ తెల్ల పూలు పూశాయి. 1866లో అచ్చయిన ఆయన పరిశోధన విలువను లోకం 1900లో గానీ గుర్తించలేదు. అప్పటికి ఆయన కన్నుమూసి పదహారేళ్లు! ఆ విద్య నేడు మా ఊరి పొలిమేరలోనే ఉంది. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2011లో మన కంది పంట జన్యుపటాన్ని ప్రపంచానికి అందించడంలో ముందు నిలిచారు. విత్తనం మంచిచెడ్డలు మన రైతులందరికీ తెలుసు. మనిషి విషయానికి వచ్చేసరికే పాపమనీ శాపమనీ అంటాం.

దేవుడు ప్రతి జన్యువునూ మనకు జతగా ఇచ్చాడు. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. అనేక రుగ్మతల విషయంలో ఒక ప్రతిలో లోపమున్నా రెండోది పని నడిపిస్తుంది. మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి ఇద్దరు ఒకటైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు లోపమున్న ప్రతులు రెండూ చేరే అవకాశం నాలుగింట ఒకటి. పుట్టు చెవుడుకు తరచుగా కారణమయ్యే కనెక్సిన్ 26 జన్యులోపం ఇలాగే వస్తుంది. బావామరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామ, మేనకోడళ్లకైతే నాలుగో వంతు. అందుకే దాగిన లోపం ఇద్దరిలోనూ ఒకటే అయ్యే అవకాశం మేనరికాల్లో ఎక్కువ. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటే, మేనరికాల్లో అది దాదాపు రెట్టింపు. అంటే ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక మాట మాత్రం అత్తమామలు గుర్తుంచుకోవాలి. ఇటువంటి లోపం ఇద్దరి నుంచీ సమానంగా వస్తుంది. కోడలినొక్కదాన్నే నిందించడం అన్యాయం.

మేనరికం చేసుకోకపోయినా చిన్న గిరిలోనే సంబంధాలు కలుపుకుంటూ పోతే ఇదే జరగవచ్చు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, మన దేశంలోని అనేక సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చి తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నాయని చూపింది. మన వైశ్య సోదరుల్లో కొందరికి, శస్త్రచికిత్స వేళ కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ఒంట్లో త్వరగా విరగదు. గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. సంగతి ముందే తెలిస్తే వైద్యులు వేరే మందు వాడతారు. ఇందులో ఎవరి పాపముంది చెప్పండి? మరి మన సంగతేమిటి? మా సంఘంలో శ్రీకాకుళం వారున్నారు, బీదరు వారున్నారు, ఒడిశా వారున్నారు. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకుంటారు. పెళ్లి మాట రాగానే మాత్రం ఎవరి కులం వారిదే, ఎవరి చుట్టరికం వారిదే! మనుషులందరినీ దేవుడు ఒక్కని నుంచే పుట్టించాడని పౌలు ఏథెన్సులో ప్రకటించిన సత్యాన్ని (అపొ.కా. 17:26) మనం పెళ్లిపందిరి బయటే వదిలేస్తున్నాం.

భూమి చేజారదని, తెలిసిన ఇంట్లో పిల్ల సుఖపడుతుందని, కట్నం బాధ తగ్గుతుందని పెద్దలు మేనరికాలు కలుపుతారు. ఆ ప్రేమను నేను కాదనను. బైబిలు ఒక సంగతి జరిగిందని చెప్పినంత మాత్రాన అలాగే చేయమన్నట్టు కాదు. యాకోబు ఇద్దరు అక్కాచెల్లెళ్లను పెళ్లాడాడని మనమూ అలా చేస్తున్నామా? పెళ్లికి ముందు జంటతో మాట్లాడేటప్పుడు చుట్టరికం గురించి, ఇరు కుటుంబాల్లో పుట్టుకతో వచ్చిన జబ్బుల గురించి కాపరులు అడగాలి. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు బిడ్డను కనేముందు నిమ్స్ వంటి ఆసుపత్రుల్లోని జన్యు వైద్యులను కలవడం మంచిది. అది అవిశ్వాసం కాదు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడిది కాదు, కన్నవారిదీ కాదని యేసుప్రభువు తేల్చేశాడు (యోహాను 9). తండ్రుల దోషాన్ని పిల్లల మీద మోపే సామెతను ఇక పలకవద్దని యెహెజ్కేలు ప్రవక్త అంతకు ఎన్నో శతాబ్దాల ముందే హెచ్చరించాడు (18వ అధ్యాయం). లోపం ఎలా వచ్చిందో జన్యుశాస్త్రం చెప్పగలదు. ఆ బిడ్డ విలువ ఎంతో చెప్పడం దాని పని కాదు. తల్లి గర్భంలో మనల్ని రూపించినవాడే అది చెప్పాలి (కీర్తన 139), చెప్పాడు కూడా.

ఆ తల్లికి నేను చెప్పింది రెండే మాటలు. "అమ్మా, ఇది మీ పాపం కాదు. తెలిసి చెప్పవలసిన నేను ఆ రోజు చెప్పలేదు, నన్ను క్షమించు." తర్వాతి వారం వారితో కలిసి హైదరాబాదులో వైద్యుల దగ్గరికి నేనూ వెళ్లాను. పరీక్షలు జరుగుతున్నాయి. ఈలోగా మా సండేస్కూలు పిల్లలు ఆ పాపతో చేతులతో మాట్లాడడం నేర్చుకుంటున్నారు. మొన్నటి ఆదివారం పాప వాళ్లతో కలిసి పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక కూడా ఆ ఇంట్లో శాపముందని అనగల ధైర్యం ఎవరికైనా ఉంటుందా?