చూచినవాడు నోరు విప్పవలెనా?

వేయని కంకరకు కొలతల పుస్తకంలో లెక్క కనబడుతుంది. రాని కూలీలకు మస్టరులో హాజరు పడుతుంది. పేద డిపాజిటుదారు పాస్‌బుక్కులోని జమ ఆఫీసు లెడ్జరులో ఉండదు. ఇట్టి మోసాలు ముందుగా కంటబడేది పట్టాలపైన, కౌంటరు వద్ద పనిచేసే మన సోదరులకే. చూచినవాడు ఫిర్యాదు చేయవలెనా, ఊరుకొనవలెనా? ధైర్యవచనాలు పలికి ఈ ప్రశ్న నుండి తప్పుకొనుట న్యాయం కాదు.

జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనులలోని అక్రమాలను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయానికి వ్రాశాడు. పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. అయినను ఆ లేఖ పేరుతో సహా శాఖల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హతుడైనాడు. హంతకులు దోపిడీదారులని 2010లో న్యాయస్థానం తేల్చినది. కాని గుట్టు కాపాడని ప్రభుత్వ దోషం ఆ తీర్పుతో మాసిపోలేదు.

ఆనాటి ప్రజాగ్రహం ఫలితంగా 2004 ఏప్రిల్ 21న కేంద్రం ఒక తీర్మానం వెలువరించి, రహస్య ఫిర్యాదులు స్వీకరించు బాధ్యతను కేంద్ర విజిలెన్సు కమిషనుకు అప్పగించింది. 2014లో పార్లమెంటు చేసిన రక్షణ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందికూడా అమలులోకి రాలేదు. కనుక ఆ తీర్మానమే మనకు ఆధారం. ఫిర్యాదును మూసిన కవరులో పంపి, పైన ప్రజాహిత వెల్లడి ఫిర్యాదు అని స్పష్టంగా వ్రాయవలెను. ఆకాశరామన్న ఉత్తరాలకు ఇందులో తావులేదు. పేరు, చిరునామా లోపల ఉండవలెను. విషయంలో మాత్రం వ్రాసినవాని ఆనవాలు దొరకరాదు. అమెరికాలో వలె రాబట్టిన సొమ్ములో వాటా ఇచ్చు చట్టం ఇక్కడ లేదు.

మా సలహా ఇది. కంటితో చూచినదానినీ, కాగితంపై నిలిచేదానినీ మాత్రమే వ్రాయండి. పుకారును ఫిర్యాదు చేయకండి. అసలు రికార్డులను కదిలించకండి. తేదీలు, బిల్లుల నంబర్లు గుర్తుంచుకొనండి. ఈ దారి ఎంచుకొన్నవారు ఆ సంగతి యూనియన్ ఆఫీసులో సహా ఎక్కడా చెప్పవద్దు. గుట్టే వారికి మొదటి కవచం.

ఒంటరిగా వ్రాయలేని కుటుంబీకుని మేము పిరికివాడనము. బదిలీ, సస్పెన్షన్ ఎవరి పొయ్యిని ఆర్పుతాయో మాకు తెలుసు. అట్టి చోట్ల శాఖలే తమ పేరున, తీర్మానం చేసి, విచారణ కోరవలెను. ఇరవైమంది సంతకాలలో ఒకని వెదకి శిక్షించుట సులభం కాదు. కక్షసాధింపు మొదలైన మరుక్షణం బాధితుని పక్షాన నిలుచుట ఫెడరేషన్ విధి. ఆ విధిని నెరవేర్చని సంఘానికి, సభ్యుని ధైర్యంగా ఉండమని అడిగే హక్కు లేదు.