పచ్చగా వస్తే పాసైనట్టేనా?

పాతబస్తీలో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. ఇనప సామాను, పాత ఫ్యాన్లు, జత లేని చెప్పులు, ఏ టీవీవో తెలియని రిమోట్లు. ఒక గురువారం సెలవు పెట్టి మరీ వెళ్తే నాకో పాత గేమ్‌బాయ్ దొరికింది. 1989లో నింటెండో తెచ్చిన ఆ బూడిదరంగు ఇటుకే. దాంతోపాటు పేరూ ఊరూ లేని ఒక కార్డు, మనం రాసుకున్న ప్రోగ్రాం ఎక్కించుకోగలిగే రకం. వెనక స్టిక్కరు మీద సేవ్ మెమరీ 32 కేబీ అని ఉంది.

అమ్మేవాడు బ్యాటరీలు వేసి ఆన్ చేశాడు. లోగో పైనించి దిగి టింగుమంది. "చెక్ కర్ లియా సాబ్, చాలూ హై" అన్నాడు.

ఇంతకీ ఆ లోగో ఏం రుజువు చేసిందీ అంటే, దాదాపు ఏమీ లేదు. ఆన్ చెయ్యగానే గేమ్‌బాయ్ లోపలున్న 256 బైట్ల చిన్న ప్రోగ్రాం కార్డులోంచి 48 బైట్ల లోగో చదివి తన దగ్గరున్న కాపీతో పోల్చుకుంటుంది, తర్వాత హెడరు చెక్‌సమ్ చూస్తుంది. అన్నీ కలిపి వంద బైట్లు కూడా ఉండవు. మిగతా కార్డంతా చచ్చిపోయి ఉన్నా టింగుమంటుంది. మన ప్రాజెక్టుల్లో లాగిన్ పేజీ తెరుచుకుంటే "శానిటీ ఓకే" అని మెయిల్ కొట్టడం లాంటిదన్నమాట.

సరే, ఇంటికొచ్చి ఆర్‌జీబీడీఎస్ అసెంబ్లరుతో ఒక టెస్టు రాశాను. గేమ్‌బాయ్‌లో కార్డు మీది ర్యామ్ ఏ000 నుంచి బీఎఫ్ఎఫ్ఎఫ్ దాకా, అంటే ఒకసారికి 8 కేబీయే కనిపిస్తుంది. 32 కేబీ అంటే నాలుగు బ్యాంకులు. 4000 అడ్రసులో బ్యాంకు నంబరు రాస్తే ఆ బ్యాంకు అదే చోటికి వచ్చి కూర్చుంటుంది. ముందు 0000లో హెక్సా 0ఏ రాసి తాళం తియ్యాలి. నా టెస్టు ఒక్కో బ్యాంకు తెచ్చి, నిండా 55 రాసి, తిరిగి చదివింది. నాలుగూ పాస్. ఎమ్యులేటర్లోనూ పాస్, అసలు మెషీన్ మీదా పాస్. కాఫీ పెట్టుకున్నాను.

కాఫీ తాగుతుంటే వెలిగింది. నాలుగు బ్యాంకులూ నిజానికి ఒకటే అయినా ఈ టెస్టు పాసవుతుంది కదా! రాసిన వెంటనే చదివితే రాసిందే వస్తుంది. అప్పుడు మార్చాను: ముందు నాలుగు బ్యాంకుల్లోనూ 0, 1, 2, 3 రాసెయ్యి, అన్నీ అయ్యాక మొదటినుంచి చదువు. 3, 3, 3, 3 వచ్చింది. అంటే 32 కాదు, 8 కేబీ. నాలుగు పేర్లతో ఒకే గది. తొంభైల్లో టీవీ గేమ్ క్యాసెట్లు గుర్తున్నాయా, 9999 గేమ్స్ అని రాసుంటే మెనూలో అవే గేములు తిరిగి తిరిగి వచ్చేవి? అచ్చం అదే మోసం. ఎమ్యులేటర్ ఈ కొత్త టెస్టుని కూడా పాస్ చేసింది. చెయ్యదా మరి, హెడర్లో 0149 దగ్గర 32 కేబీ అని రాసింది నేనే, అది నమ్మి అంత ర్యామ్ ఇచ్చింది.

నాకు కాలింది ఈ చివరి ముక్క దగ్గరే. ఒక పాత ప్రాజెక్టులో పేమెంటు గేట్‌వేకి మాక్ రాసింది నేను. ఎప్పుడడిగినా "సక్సెస్" అనేది. టెస్టులన్నీ పచ్చగా ఉండేవి, కవరేజీ 90 శాతం దాటిందని కేకు కూడా కోశాం. అసలు గేట్‌వే ఒకరోజు జవాబివ్వడం ఆలస్యం చేసింది, మన కోడు మళ్ళీ అడిగింది, జనం ఖాతాల్లోంచి డబ్బు రెండుసార్లు పోయింది. ఫోన్లో ఒకావిడ "మా పిల్లాడి ఫీజు బాబూ అది" అంటుంటే నా దగ్గర చెప్పడానికేం లేదు. డబ్బు తిరిగిచ్చారు, అది వేరే సంగతి. మాక్ అంటే నేను హెడర్లో రాసుకున్న అబద్ధమే కదా.

అమీర్‌పేటలో ఒకప్పుడు విన్‌రన్నర్, క్యూటీపీ నేర్పారు, తర్వాత సెలీనియం. టూల్ మారింది కానీ "ఈ టెస్టు తప్పుడు కార్డు మీద కూడా పాసవుతుందా?" అని అడగడం ఎవరూ నేర్పినట్టు లేదు. నాకూ నేర్పలేదు. తాళం తియ్యని ర్యామ్ చదివితే మామూలుగా ఎఫ్ఎఫ్ వస్తుంది. కాబట్టి ఎఫ్ఎఫ్ రాసి ఎఫ్ఎఫ్ కోసం చూసే టెస్టు, ర్యామే లేని కార్డు మీద కూడా పాసే! అసెంబ్లీ ఉద్యోగానికి పనికొస్తుందా అంటే రాదు. కానీ అడ్డంగా ఏ ఫ్రేమ్‌వర్కూ లేనిచోట నలభై లైన్లు రాస్తే ఇలాంటివి దాక్కోలేవు. ఇప్పుడు ఇంటర్వ్యూలకి కూర్చున్నప్పుడు ఫ్రెషర్లని ఈ నాలుగు బ్యాంకుల ప్రశ్నే అడుగుతున్నాను. చాలామంది నా మొదటి టెస్టే చెప్తారు. తప్పు పట్టను, నాకూ ఒక కాఫీ పట్టింది :)

సేవ్ బ్యాటరీ సంగతి కూడా చూశాను. ఏ బటన్ నొక్కితే రాయడం, బీ నొక్కితే చదవడం, మధ్యలో ఒక రాత్రి ఆఫ్. పొద్దున చూస్తే చెత్త. బిళ్ళ బ్యాటరీ మార్చాక నిలిచింది. రోమ్ బ్యాంకులు ఇంకా చూడలేదు. వాటిలోనూ ఒక్కోదాని మొదట్లో దాని నంబరు రాసిపెట్టాలి, ఈ ఆదివారం కరెంటు ఉంటే.