రెండు కనెక్షన్లున్నా దారి ఒక్కటే అయితే?

2025 సెప్టెంబర్ 6న జెద్దా దగ్గర ఎర్ర సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయి. సీ-మీ-వీ 4, ఐమీవీ అనే రెండు పెద్ద కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఇండియా, పాకిస్తాన్, యూఏఈల్లో నెట్ మందగించింది. గల్ఫ్‌లో కొడుకో అల్లుడో ఉన్న ఇళ్లకు అలాంటి రోజు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వీడియోలో ముఖం ఆగిపోతుంది, మాట ముక్కలవుతుంది, "హలో, వినబడుతోందా" అనడంతోనే సగం కాల్ అయిపోతుంది.

కానీ నెట్ నెమ్మదించింది తప్ప పూర్తిగా ఆగలేదు. కారణం, పెద్ద కంపెనీలు తమ ట్రాఫిక్ అంతా ఒకే కేబుల్ మీద పెట్టవు. మైక్రోసాఫ్ట్ తన అజూర్ ట్రాఫిక్‌ను వేరే దారులకు మళ్లించింది. చుట్టు తిరిగి వెళ్లింది కాబట్టి ఆలస్యమైంది, అంతే. 2008 జనవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు మన దేశం ఇంతకంటే చాలా గట్టి దెబ్బే తింది.

అలాగని నిశ్చింతగా ఉండలేం. ఆసియా నుంచి యూరప్ వెళ్లే కేబుళ్లలో ఎక్కువ భాగం ఎర్ర సముద్రం, ఈజిప్టు మీదుగానే పోతాయి. 2024 ఫిబ్రవరిలోనూ అదే సముద్రంలో కేబుళ్లు తెగాయి. పక్కనే యెమెన్ యుద్ధం కావడంతో రిపేరు నౌకకు అనుమతులు దొరకడమే కష్టమై, ఒక కేబుల్‌కు నెలలు పట్టింది. పది కేబుళ్లున్నా అన్నీ ఒకే సందులోంచి వెళ్తే అవి పది దారులు ఎలా అవుతాయి?

మన గల్లీలోనూ ఇదే కథ. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత అధికారులు స్తంభాల మీది కేబుళ్లను కోయించారు. చాలా ఇళ్లకు నెట్ పోయింది, ఎయిర్‌టెల్ హైకోర్టు మెట్లెక్కింది. ప్రాణాలు పోయాక కోయడం తప్పనలేం. అయితే రెండు కంపెనీల ఫైబర్ పెట్టించుకున్నా, రెండు తీగలూ ఒకే స్తంభం మీద వేలాడుతుంటే పోయేవి రెండూ కలిసే పోతాయి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసుల పిల్లలున్నవాళ్లు ఇప్పుడు రెండు కనెక్షన్లు తీసుకునే రౌటర్లు కొంటున్నారు. షాపువాళ్లు "యాభై, యాభై కలిస్తే వంద స్పీడ్" అంటారు. అది సగమే నిజం. మామూలుగా ఈ రౌటర్లు ఒక్కో పనిని ఒక్కో లైన్ మీదికి పంపుతాయి. పాప క్లాసు ఒకదాని మీద, అబ్బా చూసే వార్తలు ఇంకోదాని మీద. ఒకే వీడియో కాల్‌ను చీల్చి రెండింటి మీదా నడపవు. అలా నడపాలంటే అవతల ముక్కలను మళ్లీ కలిపే సర్వర్ కూడా కావాలి, దానికి వేరే ఖర్చు. పైగా లైన్ మారితే ఐపీ అడ్రస్ మారుతుంది, కొన్ని బ్యాంకు సైట్లు మళ్లీ లాగిన్ అడుగుతాయి.

నా లెక్కలో రెండో ఫైబర్ కంటే వేరే కంపెనీ 4జీ సిమ్ మేలు. స్తంభం మీది తీగ తెగినా సిగ్నల్ గాలిలోంచి వస్తుంది. ఫైబర్ ఆగితే రౌటర్ దానంతట అదే సిమ్‌కు మారేలా పెట్టుకుంటే చాలు.

సముద్రం సంగతికొస్తే, మన దేశానికొచ్చే కేబుళ్లు ముఖ్యంగా ముంబై, చెన్నైల్లోనే ఒడ్డెక్కుతాయి. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నం ప్రాజెక్టును ప్రకటించినప్పుడు అందులో కొత్త సముద్ర కేబుళ్ల మాట కూడా ఉంది. అందరూ డేటా సెంటర్ ఉద్యోగాల గురించే మాట్లాడారు గానీ, తూర్పు తీరంలో ఇంకో గుమ్మం తెరుచుకోవడమే నాకు పెద్ద వార్తలా కనిపించింది.