తలుపు లేని కొట్లో వకీలు సలహా

చాలా ఊళ్లలో కామన్ సర్వీస్ సెంటర్ అంటే రోడ్డు మీదికి తెరుచుకున్న చిన్న కొట్టు. కౌంటరు మీద కంప్యూటరు, పక్కన జిరాక్స్ మిషను, కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన ఓ నలుగురు. 2017లో మొదలైన టెలి-లా పథకం కింద పేదవాళ్లు వీడియోలో వకీలుతో మాట్లాడేది ఇలాంటి చోటే. నెట్ స్పీడు గురించి, యాప్‌ల గురించి అందరూ రాస్తున్నారు. నాకు మాత్రం ఆ కొట్టుకి తలుపు లేకపోవడమే అసలు లోపమనిపిస్తుంది. సివిల్ తగాదాలో ఎదుటి మనిషి ఎక్కడో ఉండడు. మొగుడో, మరిదో, గట్టు పక్క రైతో, అప్పిచ్చిన ఆసామో అయివుంటాడు. మనోవర్తి గురించి అడగొచ్చిన ఆడమనిషికి స్పీకర్లోంచి "మీ ఆయన ఇంటికి రాక ఎన్నాళ్లయిందమ్మా?" అని వినపడితే, వెనక నిలబడ్డ తోడికోడలి తమ్ముణ్ణి చూసి ఏం చెబుతుంది? "ఊరికే అడిగానండీ" అని లేచిపోతుంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. నోరు విప్పలేని చోట ఆ హక్కు ఉండీ లేనట్టే. ఇంటి నుంచే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో కూడా ఆలోచించాలి. కొత్త యాప్ కంటే ముందు ప్రతి సెంటర్లో ఓ మూల చెక్క అడ్డు, లోపలి గొళ్లెం, ఒక హెడ్‌ఫోను పెట్టించండి. వకీలు ముందుగా "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి, ఉన్నారంటే ఇంకో టైము ఇవ్వాలి.