బంగారం తగ్గింది, ఎవరు తీశారు?

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తే అది నిలువెత్తు బంగారం. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి నాలుగు రోజులు జరిగే జాతర ఇది. మొన్న 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ నాలుగు రోజుల కోసం బెల్లం, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ పెట్టుకుని ఎన్ని చిన్న దుకాణాలు వెలుస్తాయో! శనివారం అమ్మలు వనప్రవేశం చేశాక గిరాకీ ఉండదు. మిగిలిన సరుకు, డబ్బుల డబ్బా, అలిసిపోయిన మనుషులు మిగులుతారు.

గొడవ అప్పుడే మొదలవుతుంది. "ఇంత సరుకు తెస్తే ఇంతే డబ్బు వచ్చిందా?" అని ఇంటాయన అడుగుతాడు. చూపు తూకం దగ్గర ఉన్న పనిపిల్లవాడి మీదికో, గల్లా దగ్గర కూర్చున్న కోడలి మీదికో పోతుంది. కోడలి పుట్టింటి వాళ్లు ఆ వారమే జాతరకు వచ్చి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఎవరినైనా ఒక మాట అనేముందు మిగిలిన సరుకు తూచాలని నేనంటాను. ఉజ్జాయింపుగా కాదు, కాంటా మీద పెట్టి తూచాలి.

ఒక లెక్క అనుకుందాం. 1,000 కిలోల బెల్లం కిలో 45 రూపాయలకు కొన్నారు, 60కి అమ్మారు. జాతర అయ్యాక తూస్తే 180 కిలోలుంది. అంటే 820 కిలోలు పోయాయి, 49,200 రూపాయలు రావాలి. డబ్బాలో 44,700 ఉంది. తక్కువ పడింది 4,500, అంటే 75 కిలోల బెల్లం. ఇక్కడే "దొంగతనం" అనే మాట వస్తుంది. కానీ ఆగి ఒక్కొక్కటీ గుర్తు చేసుకోండి. మనవడి మొక్కుకు తూచిన 18 కిలోలు మన దుకాణంలోవే కదా? ఆడబిడ్డ వాళ్లకు ఊరికే ఇచ్చినవి 12. పక్క దుకాణం వాళ్లకు ఉద్దెర 25. ఇవి 55 అయ్యాయి. మిగిలినవి 20 కిలోలు, వందకు రెండు. దిమ్మ పగలగొట్టినప్పుడు రాలిన పొడి, తూకంలో మొగ్గు, గోనెసంచికి అంటుకున్నది, ఎండకు ఆరిన తడి, వీటికే అంత పోవచ్చు. దొంగతనం అసలు ఉండదని నేననను. ఉంటే ఆ 20 కిలోల్లోనే ఉండాలి, 75లో కాదు. నాలుగు రోజులకు ఒకేసారి కాకుండా రోజూ రాత్రి తూస్తే, ఏ రోజు తగ్గిందో కూడా తెలుస్తుంది.

ఇంట్లోకి తీసుకున్నదాన్ని ఎవరూ రాయరు. మన సరుకే కదా అంటారు. రాయకపోతే అది నష్టం కింద పడుతుంది, ఆ నష్టం ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. గల్లా పక్కన ఒక చిన్న నోటుబుక్కు కట్టేసి ఉంచితే చాలు. అత్తగారు తీసుకున్నా సరే, రాయాల్సిందే. (ఈ మాట చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి, నిజమే.)

ఇంకొకటి, ఆ మిగిలిన 180 కిలోలకు ధర కట్టడం. అమ్మకం ధర 60 చొప్పున కడితే 10,800 అవుతుంది, కాగితం మీద బాగుంటుంది. కానీ జాతర అయిపోయింది, టోకు వ్యాపారి 38కే తీసుకుంటానంటున్నాడు. అప్పుడు దాని విలువ 6,840 మాత్రమే. కొన్న ధర, ఇప్పుడు ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది వేసుకోవాలి. పెద్ద కంపెనీల లెక్కల్లోనూ ఇదే నియమం. తేడా 3,960 రూపాయలు. లేని ఆ డబ్బును లాభమనుకుని అన్నదమ్ములు పంచుకుంటే, తర్వాత ఎవరి వాటాలోంచి తీస్తారు? ఎక్కువసార్లు ఇంటి ఖర్చులోంచే, అంటే మన చేతిలోంచే.

కొబ్బరికాయలైతే ఇంకా జాగ్రత్త. కుళ్లినవి ఏరేశాకే లెక్కపెట్టాలి. పసుపు, కుంకుమ ఆగుతాయి, కానీ వచ్చే పెద్ద జాతర దాకా రెండేళ్లు దాచడం కంటే, మధ్యలో వచ్చే చిన్న జాతరకో ఊళ్లో కిరాణా కొట్టుకో తక్కువకు ఇచ్చేయడమే మేలు.

మీ ఇంట్లో దుకాణం ఉంటే, ఈ నెలాఖరున తూకం మీ చేత్తో వేయండి. పనిపిల్లవాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని, అంకెలు వాడి చేతే రాయించండి.